బండ సందుల్లో కుందేటి కొమ్ములు

ఈ పూట ఒక చిన్న మొక్క గురించి చెబుతాను. అది నీడనివ్వదు, కలపకు రాదు, పొయ్యిలోకీ పనికిరాదు. జానెడు ఎత్తు, మహా అయితే మూరెడు పెరుగుతుంది. ఆకులున్నాయా అంటే ఉన్నాయి, కానీ మొలిచిన కొన్నాళ్ళకే రాలిపోయేంత చిన్నవి. మిగిలేది నాలుగు పలకల కాడ. కింద వేలెడు లావుండి, పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలుతుంది. అలాంటివి పది, పదిహేను కాడలు ఒకే మొదలు నుంచి పైకి లేచి ఉంటాయి. గొర్రెలు, మేకలు కాసేవాళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే దాన్ని గుర్తుపట్టి కుందేటి కొమ్ములు అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు కారల్లుమా అడ్సెండెన్స్. తెలంగాణలో, ఆంధ్రలో, రాయలసీమలో ఎండు గుట్టలున్న చోట చెదురుమదురుగా పెరుగుతుంది. ఒక గుట్ట మీద ఉంటుంది, పక్క గుట్ట మీద వెతికినా దొరకదు. అసలు మొక్క గురించి చెప్పే ముందు అది ఉండే చోటు గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ చోటు పోతే ఈ మొక్కను కుండీల్లో ఎన్ని పెంచుకున్నా లాభం లేదు.

వేములవాడ నుంచి చందుర్తి, రుద్రంగి వైపుగా కోరుట్లకు వెళ్ళేవాళ్ళకూ, కరీంనగర్ నుంచి కొండగట్టు మీదుగా జగిత్యాలకు వెళ్ళేవాళ్ళకూ బస్సు కిటికీలోంచి గుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టున్న గుండ్లు, వాటి మధ్య ముళ్ళపొదలు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు. ఈ దక్కను రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు దీని ముందు నిన్న మొన్నటివి. శ్రీరాంసాగర్ నీళ్ళు కాకతీయ కాలువలో వచ్చి కింది పొలాలను తడిపాయి. వరి పెరిగింది, పసుపు పెరిగింది, జగిత్యాల మామిడికి దేశమంతా పేరొచ్చింది. గుట్టకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆకాశం ఇచ్చే నీళ్ళే.

ఆ నీళ్ళు కూడా గుట్ట మీద నిలవవు. పరుపు బండ మీద పడ్డ వాన పడ్డట్టే జారి కిందికి పోతుంది. బండ పగిలిన చోట, రెండు గుండ్లు ఆనుకున్న చోట, ఏళ్ళ తరబడి గాలి తెచ్చి పోసిన మన్ను, రాలిన ఆకు కలిసి గుప్పెడు నేల తయారవుతుంది. మొరం, ఇసుక, కొంచెం నల్లని ఆకుమన్ను. వాన వెలిసిన రెండు రోజులకే అది పొడిబారిపోతుంది. మే నెలలో జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట బండ మీద ఉత్త కాలు మోపలేం. ఇంత మండే చోట, ఇంత కొద్ది మన్నులో ఏడాదికి ఎనిమిది నెలలు వాన లేకుండా బతికే మొక్కలు చాలా కొద్ది.

కుందేటి కొమ్ములు వాటిలో ఒకటి. కానీ అది బండ మీద ఒంటరిగా ఎండకు ఎదురు నిలబడేది కాదు. బలుసు పొద కిందనో, పరికి కంప కిందనో, రేగు మొదట్లోనో దాక్కుని ఉంటుంది. అందుకు కారణాలున్నాయి. దాని విత్తనానికి జిల్లేడు విత్తనానికి ఉన్నట్టే తెల్లని పట్టులాంటి కుచ్చు ఉంటుంది. గాలికి లేచిన విత్తనం బోడబండ మీద ఆగదు, జారిపోతూ ఉంటుంది. పొద అడ్డం వస్తే అక్కడ చిక్కుకుని, ఆ ఆకుమన్నులో మొలుస్తుంది. మొలిచిన పిల్లకు పొద నీడ పడుతుంది. ముళ్ళు ఉన్నాయి గనక మేక మూతి లోపలికి రాదు. కాబట్టి ఈ మొక్కను కాపాడాలంటే ముందు పొదను కాపాడాలి. ఈ సంగతి మళ్ళీ చెబుతాను, మరిచిపోకండి.

నీళ్ళు లేకుండా ఎలా బతుకుతుంది? మామూలు చెట్లు పగటి పూట ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. సూర్యుడి వెలుగుతో ఆహారం చేసుకుంటాయి. రంధ్రం తెరిచినప్పుడల్లా లోపలి తేమ కొంత ఆవిరై పోతుంది. నీళ్ళున్న చోట ఆ నష్టం లెక్కలోకి రాదు. బండ సందులో మాత్రం అది ప్రాణం మీదికొస్తుంది. అందుకే కుందేటి కొమ్ములు, దానిలాంటి కండగల మొక్కలు పనిని రెండుగా విడగొట్టుకున్నాయి. పగలంతా రంధ్రాలు మూసుకుని ఉంటాయి. చీకటి పడి, బండ చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి తీసుకున్న వాయువును ఒక రకం పులుపుగా, అంటే మాలిక్ ఆమ్లంగా మార్చి కాడలో దాచుకుంటాయి. తెల్లవారాక తలుపులు మూసుకుని, ఆ పులుపును విడగొట్టి వెలుగుతో ఆహారం వండుకుంటాయి. ఆకులు రాలిపోతాయి గనక కాడే ఆకు పని చేస్తుంది. కాడే నీటి తొట్టి.

ఈ రహస్యం బయటపడిన తీరులో మన తెలుగు నేలకు కొంత సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంజమిన్ హైనే అనే వైద్యుడు ఉండేవాడు. మతప్రచారకుల వెంట తమిళ తీరంలోని ట్రాంకెబార్‌కు వచ్చినవాడు. 1793లో కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్ళిపోయాక, నేటి కాకినాడ జిల్లా సామర్లకోటలో కంపెనీ తోటలు చూసే పని ఆయనకు అప్పగించారు. రణపాల మొక్క మీకు తెలుసు. దాని ఆకు అంచున పిల్లలు మొలుస్తాయి. హైనే ఆ ఆకును తెల్లవారుజామున నమిలితే బాగా పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి రుచి లేకుండా పోయింది. సాయంత్రానికి కొంచెం చేదు తగిలింది. ఈ సంగతి ఆయన ఒక ఉత్తరంలో రాస్తే 1815లో లిన్నియన్ సొసైటీ వాళ్ళు అచ్చువేశారు. రాత్రి పులుపు చేరడం, పగలు అది కరగడం అనే ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఆ తరవాత వందేళ్ళు పైగా పట్టింది. నాలుకతో మొదలైన పరిశోధన అది. మీ ఇంట్లో రణపాల ఉంటే పిల్లలకు చూపించండి, పొద్దున ఒక చిన్న ముక్క, మధ్యాహ్నం ఒక చిన్న ముక్క. పుస్తకంలో పేజీ చదివితే రాని జ్ఞానం అలా వస్తుంది.

సామర్లకోటకు ఇంకో కారణంతో కూడా రుణపడి ఉన్నాం. హైనే కంటే ముందు అక్కడ పదేళ్ళకు పైగా ఉన్న రాక్స్‌బర్గ్, మన మనుషుల చేతనే మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ చిత్రకారుల పేర్లు చరిత్రలో దాదాపు నిలవలేదు. వాళ్ళ గీతలు మాత్రం నిలిచాయి. 1795లో కోరమండల్ తీరపు మొక్కల గురించి లండన్‌లో మొదలైన పెద్ద సంపుటాల్లో 300 బొమ్మలు అచ్చయ్యాయి. మొదటి సంపుటంలోనే మన కుందేటి కొమ్ములు ఉంది. అప్పటికి దానికి ఆఫ్రికా మొక్కల పేరు, స్టాపీలియా అని పెట్టారు. తెలుగువాళ్ళు దీన్ని కార్-అల్లం అంటారని రాక్స్‌బర్గ్ రాసిపెట్టాడు, స్థానికులు కాడలను పచ్చిగానే తింటారని కూడా రాశాడు. 1810లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఈ మొక్కను వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు ఆ తెలుగు మాటనే తీసుకుని కారల్లుమా అని పేరు పెట్టాడు. ఆ తరవాత ఆఫ్రికాలో, అరేబియాలో, చివరికి దక్షిణ స్పెయిన్‌లో దొరికిన మొక్కలకు కూడా ఆ పేరే వెళ్ళింది.

ఇంత పేరు మోసిన మొక్క ఉన్నా, మన గుట్టలు మాత్రం వృక్షశాస్త్ర పుస్తకాల్లో చాలాకాలం ఖాళీగానే ఉండిపోయాయి. దక్షిణ భారత వృక్షాలకు పెద్ద ఆధారంగా చెప్పుకునే గాంబుల్ గ్రంథం 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వెలువడింది. అది మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గురించి. నిజాం రాజ్యం దాని హద్దుల బయట ఉంది. అంటే కర్నూలు గుట్ట మీది మొక్క ఆ పుస్తకంలో ఉంది, కరీంనగర్ గుట్ట మీది మొక్క లేదు. మన వైపు మొక్కల పట్టికలు విశ్వవిద్యాలయాల వాళ్ళు పూనుకుని తయారు చేసేసరికి ఇరవయ్యో శతాబ్దం చివరికొచ్చింది. ఆలోగా ఎన్ని గుట్టలు మారిపోయాయో.

సరే, మొక్క దగ్గరికే వద్దాం. వానలు పడ్డాక ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి దీన్ని. వేసవిలో ముడుచుకుని, బూడిద రంగుకు తిరిగి, చచ్చిందేమో అనిపించిన కాడ రెండు వానలకు ఉబ్బుతుంది, ఆకుపచ్చగా తేరుకుంటుంది. పలకల అంచున ఉండే చిన్న చిన్న పళ్ళ దగ్గర కాడ కొన మీద మొగ్గ వేస్తుంది. పువ్వు చిన్నది, వేలి గోరంత. అయిదు రేకులు, ముదురు ఊదా రంగు, దాని మీద పసుపు చారలు. తల వంచుకుని వేలాడుతుంది. కొన్ని రకాల్లో రేకుల అంచుకు సన్నని వెంట్రుకలుంటాయి. గాలి తగిలిందో లేదో మనకు తెలియకముందే అవి వణుకుతాయి. ఆ కదలికకు, ఆ రంగుకు, ఆ వాసనకు ఈగలు వస్తాయి. తేనెటీగ దీని జోలికి పెద్దగా రాదు. దీనికి దగ్గర చుట్టం ఇంకొకటి ఉంది, కాడ లావుగా, చివరన పువ్వులన్నీ ఒక ముద్దగా పూసేది, ఉంబెల్లాటా అంటారు. అది పూస్తే చచ్చిన ఎలుక కంపు కొడుతుంది. ఈగకు అది విందు పిలుపు.

ఈగ వచ్చి కూర్చున్నాక జరిగే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈ మొక్క జిల్లేడు కుటుంబానిది. ఆ కుటుంబంలో పుప్పొడి పొడిగా రాలదు. రెండు చిన్న మైనపు ముద్దలుగా ఉంటుంది. ఆ రెంటినీ కలిపే చోట ఒక నల్లని బిందువు, మన దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పు వంటిది, మధ్యలో సన్నని చీలికతో ఉంటుంది. ఈగ కాలి వెంట్రుకో, మూతి వెంట్రుకో ఆ చీలికలో ఇరుక్కుంటుంది. గింజుకుని లాక్కుంటే క్లిప్పుతో పాటు రెండు ముద్దలూ ఊడి దాని వెంట వస్తాయి. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు ఆ ముద్ద సరిగ్గా దానికోసమే ఉన్న సందులో దిగబడాలి. దిగితేనే కాయ. ఎన్నో పువ్వులు పూసినా కాయలు కొన్నే కావడానికి ఇదే కారణం. కాయలు జంటగా, సన్నగా, పొడుగ్గా పైకి లేచి ఉంటాయి. ఎండి పగిలితే పట్టు కుచ్చులు గాలికెగిరిపోతాయి. కాబట్టి ఒక గుట్ట మీద రెండే మొక్కలు మిగిలితే అవి బతికున్నట్టే గానీ వంశం నిలవడం కష్టం. కొన్ని గజాల దూరంలో ఇంకా కొన్ని ఉండాలి, మధ్యలో ఈగలు తిరగాలి.

ఇప్పుడు తిండి సంగతి. మన పల్లెల్లో దీన్ని కరువు తిండిగా, అడవి కూరగా ఎరుగుదురు. లేత కాడను అంచులు తీసి పచ్చిగా ఉప్పద్దుకుని నమిలేవాళ్ళున్నారు. పచ్చడి, తొక్కు చేసుకునేవాళ్ళున్నారు. చేదుగా ఉంటుంది. పులుపు, కారం తోడైతే తినవచ్చు. మందతోనో, వేటకో పొద్దంతా గుట్ట మీద తిరిగే మనిషి ఒక కాడ నమిలితే ఆకలి, దప్పిక కొంతసేపు మరుగున పడతాయని తరతరాలుగా చెప్పుకునేమాట. ఈ మాట విన్న లోకం ఊరుకుంటుందా? గత ఇరవై ఏళ్ళలో దీని సారం గొట్టాల మందుగా, బరువు తగ్గించేదన్న పేరుతో దేశదేశాల అంగళ్ళకు చేరింది.

దీని మీద మన దేశంలోనే పరీక్ష జరిగింది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రచురించారు. బరువు ఎక్కువున్న 50 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు ఒక గ్రాము సారం చొప్పున 60 రోజులు ఇచ్చారు. రెండో జట్టుకు మందులేని మాత్రలు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్ళలో ఆకలి తగ్గింది, నడుము కొలత తగ్గింది. బరువు విషయంలో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉన్న సత్యం ఇంతే. కాపరి చెప్పిన మాట కొంత నిజమని తేలింది. డబ్బా మీద రాసిన మాట అంతగా తేలలేదు. చక్కెర జబ్బు, రక్తపోటు మందులు వాడేవాళ్ళు ఎవరో చెప్పారని ఈ సారాలు మొదలుపెట్టకండి. డాక్టరును అడగకుండా ఏ మందూ ఆపకండి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కండగల కాడలన్నీ ఒకటి కావు. మన గుట్టల మీదే బొమ్మజెముడు, కాడజెముడు ఉంటాయి. గిల్లితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు చర్మాన్ని పుండు చేస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. కుందేటి కొమ్ముల్లో తెల్లని పాలుండవు, నీటిలాంటి రసం ఉంటుంది. పాలు కారే ఏ కాడనూ నోట పెట్టకూడదు. పిల్లలకు ఈ ఒక్కటి నేర్పండి. తెలియని మొక్కను, పాలు లేకపోయినా సరే, తినవద్దనీ చెప్పండి.

ఆకలిని మరిపించే మొక్క అంగడి సరుకైతే ఏమవుతుందో ఆఫ్రికాలో చూశారు. కలహారి ఎడారిలో శాన్ జనం హూడియా అనే మొక్కను వేటకు పోయినప్పుడు నమిలేవాళ్ళు. అది మన కారల్లుమాకు చుట్టమే. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ గుణం మీద పేటెంటు తీసుకుంది, పెద్ద కంపెనీలు దిగాయి. ఆ జ్ఞానం ఎవరిదో ఆ శాన్ జనాన్ని మొదట ఎవరూ అడగలేదు. పెద్ద గొడవ జరిగాక 2003లో వాళ్ళకు లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఈలోగా ఎడారిలో మొక్కలను విచ్చలవిడిగా పీకారు. 2004లో హూడియా ఎగుమతి మీద అంతర్జాతీయ నియంత్రణ పెట్టవలసి వచ్చింది. మన దేశంలోనే సహ్యాద్రి కొండల్లో, శివాజీ పుట్టిన శివనేరి కోట వైపు, ఫ్రీరియా అనే ఇంకో చుట్టం ఉంది. అది కొన్ని కొండ అంచులకే పరిమితమై, ప్రపంచంలోనే బాగా ముప్పులో ఉన్న మొక్కల జాబితాకెక్కింది. మన కుందేటి కొమ్ములు ఇంకా ఆ స్థితికి రాలేదు. రాకుండా చూసుకోవడానికే ఈ మాటలన్నీ.

ముప్పు ఎక్కడినుంచి? మొదటిది రాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా గోధుమ రంగు గ్రానైట్‌కు ప్రపంచంలో పేరుంది. టాన్ బ్రౌన్ అంటారు. గుట్టను దిమ్మలుగా కోసి, రైలు మీద కాకినాడ రేవుకు చేర్చి, చైనాకూ ఇతర దేశాలకూ పంపుతున్నారు. దాని మీద బతికే కుటుంబాలున్నాయి, నేను కాదనను. కానీ 250 కోట్ల ఏళ్ళ గుట్ట ఒకసారి దిమ్మలైతే తిరిగి రాదు. అడవి కొడితే నాటుకోవచ్చు, చెరువు పూడితే తీసుకోవచ్చు, గుట్టను మాత్రం మళ్ళీ కట్టలేం. దానితో పాటు బండ సందు, ఆ సందులోని గుప్పెడు మన్ను, పొద, మయూరశిఖి, అడవి ఉల్లి, కుందేటి కొమ్ములు అన్నీ పోతాయి. ఎలుగుబంట్లు ఊళ్ళ మీదికి వస్తున్నాయని ప్రతి ఏడూ వింటున్నాం. అవి మన దగ్గరికి రావడం లేదు, వాటి ఇల్లు పోయి దారి తప్పుతున్నాయి.

రెండోది నిప్పు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల బీడీల ఊళ్ళు. ఆడవాళ్ళ చేతి కష్టం మీద నడిచే పని అది. బీడీ చుట్టే తునికాకు లేతగా చిగురించాలని ఎండాకాలం మొదట్లో గుట్టలకు, అడవికి నిప్పు పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. తునికి వేరు లోతుగా ఉంటుంది గనక మళ్ళీ చిగురిస్తుంది. కుందేటి కొమ్ములు నీళ్ళు నింపుకున్న కాడ. మంట తగిలితే ఉడికిపోతుంది. అది దాక్కున్న పొదే ఎండుకట్టె అయి దాన్ని కాలుస్తుంది. తునికి కొమ్మలు నరికి చిగురు తెప్పించే పద్ధతి ఉండగా నిప్పు అవసరం లేదు.

మూడోది చెబితే కొందరికి నచ్చకపోవచ్చు. మొక్కలు నాటే ఉత్సాహం. 2015లో తెలంగాణలో హరితహారం పథకం మొదలైనప్పటి నుంచి ఊరూరా కోట్లాది మొక్కలు నాటారు. రోడ్ల పక్కన, బడుల్లో, చెరువు గట్ల మీద పెరిగిన చెట్లను చూస్తే సంతోషమే. కానీ కొన్ని చోట్ల గుట్ట వాలు మీద పొదలు కొట్టి, గుంటలు తీసి, బయటి నుంచి తెచ్చిన మొక్కలు పెడుతున్నారు. ఆ వాలు ఖాళీ జాగ కాదు. బలుసు, రేగు, పరికి, తంగేడు అక్కడి అడవి. పొట్టిగా ఉంది, ముళ్ళతో ఉంది, ఎండాకాలం ఎండిపోతుంది కాబట్టి మనకు అడవిలా కనబడదు. కాగితాల మీద పోరంబోకు, బంజరు అని రాసి ఉంటుంది. గుంట తీసేవాళ్ళకు ఆ రాతే కళ్ళముందుంటుంది. పొద కింద ఏముందో కనబడదు. గుండ్ల మధ్య నీలగిరి నాటితే గుట్ట పచ్చబడిందని అనుకోవడం పొరపాటు.

నాలుగోది పీకడం. బరువు తగ్గించే సరుకు కోసమో, ఇంటి ముందు కుండీలో వింతగా ఉంటుందనో వేళ్ళతో సహా పీకేవాళ్ళున్నారు. కాడ కోస్తే మొదలు మళ్ళీ వేస్తుంది. వేరు పోతే అంతే.

చేయగలిగింది ఏమిటి? చట్టం మనవైపే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరి మొక్కలు, జంతువులు, వాటిని వాడుకునే జ్ఞానం అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. ఎవరైనా వ్యాపారం కోసం ఊరి హద్దులో మొక్క సేకరిస్తే వాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే హక్కు కూడా ఆ కమిటీకి ఉంది. వ్యాపారులు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందే తెలియజేయాలి. ఊళ్ళోవాళ్ళు, నాటు వైద్యులు తమ వాడకానికి తీసుకుంటే దానికి ఈ అడ్డు లేదు. రిజిస్టర్‌లో గుట్ట మీది మొక్క పేరే లేకపోతే, రేపు అది పోయినా పోయిందని చెప్పడానికి ఆధారం ఉండదు. గుట్ట లీజుకు ఇచ్చేటప్పుడు అడ్డు చెప్పడానికి కూడా ఆధారం ఉండదు.

పెంచుకోవాలనుకునేవాళ్ళకు ఒక మాట. కష్టం లేదు. గుట్ట మీద మొక్క జోలికి పోకుండా, ఎవరి దగ్గరైనా కుండీలో ఉంటే జానెడు కాడ అడిగి తీసుకోండి. కోసిన చోటు ఎండి పొర కట్టేదాకా నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. అడుగున బెజ్జం ఉన్న కుండీలో మొరం, ముతక ఇసుక ఎక్కువ, ఆకుమన్ను తక్కువ కలిపి నాటండి. మన్ను పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయండి. చలికాలం ఇంకా తగ్గించండి. ఎండి చచ్చే కారల్లుమాలు తక్కువ, ప్రేమతో నీళ్ళు పోసి కుళ్ళబెట్టినవే ఎక్కువ. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్య, ఆయన సహచరులు ఈ ప్రజాతి మొక్కలను చిన్న కణుపు ముక్క నుంచి ప్రయోగశాలలో పెంచే పద్ధతులు చూపించారు. అంటే మందుకు కావలసిన సరుకు తోటలో పండించుకోవచ్చు. గుట్టను దోచుకోనవసరం లేదు. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నీళ్ళందని చెలక గట్ల మీద, రాతి వాలుల్లో రైతు దీన్ని పెంచగలడా అన్నది అక్కడ పరీక్షించి చూడదగ్గ ప్రశ్న.

ఇక నా విన్నపం బడి పంతుళ్ళకు, పంచాయతీ సభ్యులకు, మందల వెంట తిరిగే పెద్దలకు. శ్రావణంలో రెండు వానలు పడ్డాక మీ ఊరి గుట్టకు పిల్లలను తీసుకుపోండి. మొక్కలు తెలిసిన గొర్ల కాపరిని ఒకరిని వెంట పెట్టుకోండి. పొద కొమ్మ పైకెత్తి చూసి, మళ్ళీ మెల్లగా వదిలేయండి. కనబడిన మొక్కను పీకవద్దు. ఫోటో తీసుకుని, ఏ గుట్ట, ఏ వైపు, ఎన్ని మొదళ్ళు ఉన్నాయో రాసుకోండి. కాపరి చెప్పిన పేరు, చెప్పిన వాడకం కూడా రాయండి. ఆ కాగితం మీ పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి ఇచ్చి రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి. మీ ఊళ్ళో ఆ కమిటీ పేరుకే ఉంటే గ్రామసభలో అడగండి. మీకు ఆ హక్కు ఉంది.